శాపం తీరవలసిందేనా? – స్త్రీ ప్రణయాన్ని చెప్పే మృగకథల పునఃకథనాలపై ఒక పరిశీలన

గత మూడు దశాబ్దాలలో ఇంగ్లీషు కథాసాహిత్యంలో ఒక పాయ క్రమంగా బలపడుతూ వచ్చింది. పాత అద్భుత కథను తీసుకొని ఇద్దరు స్త్రీల ప్రణయకథగా మార్చడం, ఆ ఇద్దరిలో ఒకరిని రాక్షసిగానో మృగంగానో విషం నిండిన మనిషిగానో నిలపడం దాని పద్ధతి. సాఫో అనే ప్రాచీన గ్రీకు కవయిత్రి పేరు మీదుగా ఈ ప్రణయాన్ని 'సాఫిక్' అంటున్నారు. భయాన్నీ, హింసనూ, అపరాధాన్నీ దాచకుండా చెప్పే కథలు కనుక 'చీకటి' అనే విశేషణం కూడా చేరింది. మా విద్యార్థులలో కొందరు పాఠ్యగ్రంథాలకంటె శ్రద్ధగా వీటిని చదువుతున్నారు. ఇవి సాహిత్యమా, కాలక్షేపమా అని మమ్మల్ని అడుగుతున్నారు.

రెండూ ఉన్నాయి అనడం తేలిక. ఏది ఏదో చెప్పగల కొలబద్ద కావాలి. మేము ఎంచుకున్న కొలబద్ద ఒక చిన్న ప్రశ్న: కథ ముగిసేసరికి శాపం ఏమయింది? ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానంలోనే ఈ తరహా కథల బలమూ బలహీనతా బయటపడతాయని మా అభిప్రాయం.

ముందు మూలకథను చూద్దాం. సుందరి, మృగం కథను ఫ్రెంచి రచయిత్రి విల్‌నవ్ 1740లో విస్తారంగా రాసింది. దాన్ని బోమాఁ 1756లో కుదించి, బాలికలకు నీతి బోధించే గ్రంథంలో చేర్చింది. లోకమంతటా ప్రచారంలోకి వచ్చింది ఈ రెండవ రూపమే. తండ్రి చేసిన తప్పుకు కూతురు మృగం కోటకు పోతుంది. మృగం రోజూ పెళ్ళి మాట ఎత్తుతుంది. చివరకు ఆమె ఒప్పుకుంటుంది. మృగం అందమైన రాకుమారుడవుతుంది. పెద్దలు కుదిర్చిన, ముందుగా ముఖమైనా చూడని సంబంధానికి ఆడపిల్లను సిద్ధం చేసే కథగా దీన్ని చాలామంది విమర్శకులు వ్యాఖ్యానించారు. రూపం కాదు, గుణం చూడమని నీతి. కాని ఆ నీతిని కథే నమ్మినట్లు లేదు. గుణమే చాలునన్నప్పుడు చివర అందగాణ్ణి ఎందుకు తెచ్చి నిలబెట్టాలి? సుందరి ప్రేమించింది మృగాన్ని. ఆమెకు దక్కింది మరొకరు. మన పంచతంత్రంలో కూడా ఒక పాఠంలో పాముగా పుట్టిన బ్రాహ్మణకుమారుడి కథ ఉంది. వాడు రాత్రి పూట కుబుసం విడిచి మనిషి కాగా, తండ్రి ఆ కుబుసాన్ని కాల్చివేస్తాడు. ఇక్కడా శాపం తీరడమే కథ తీరడం.

ఈ పాయకు మరో పూర్వగ్రంథం ఉంది. అది ఐరిష్ రచయిత లె ఫాన్యూ నవలిక 'కార్మిల్లా' (1872). ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతంలో, ఒక ఏకాంతపు కోటలో తండ్రితో ఉంటున్న లారా దగ్గరకు కార్మిల్లా అనే అతిథి వస్తుంది. ఇద్దరి మధ్య పెరిగిన చనువు స్నేహమో, మోహమో, భయమో లారాకే తెలియదు. అతిథి నెత్తురు తాగే పిశాచి అని తేలుతుంది. పెద్దమనుషులు సమాధి తవ్వించి ఆమెను అంతం చేస్తారు. ఏళ్ళు గడిచిన తర్వాత కూడా ఆమె అడుగుల సవ్వడి గుమ్మం దగ్గర వినిపించినట్లు లారాకు తోస్తూనే ఉంటుంది. కథను శిక్షతో ముగించిన రచయిత జ్ఞాపకాన్ని మాత్రం శిక్షించలేకపోయాడు. ఆ కొద్ది ఖాళీలోంచే తర్వాతి తరం రచయిత్రులు లోపలికి వచ్చారు.

అంటే వారికి వారసత్వంగా వచ్చినవి రెండు సూత్రాలు. పురుషుడైన మృగం మారాలి. స్త్రీ అయిన పిశాచి చావాలి. ఒకరిది శాపం, కనుక విమోచనం ఉంది. మరొకరిది స్వభావం, కనుక విమోచనం లేదు. కొత్త పునఃకథనం ఈ రెంటినీ ఎదుర్కోక తప్పదు.

మొదటి గట్టి సమాధానం ఎమ్మా డొనహ్యూ రాసిన 'కిస్సింగ్ ద విచ్' (1997)లో కనిపిస్తుంది. అందులో 13 కథలున్నాయి. ఒక కథ ముగియగానే అందులోని స్త్రీ తనకు తోడైన మరొక స్త్రీని, నువ్వు ఇంతకుముందు ఎవరివి అని అడుగుతుంది. ఆ జవాబే తరువాతి కథ. మన కాశీమజిలీ కథల్లో మజిలీకొక కథ పుట్టినట్లు ఇక్కడ ప్రశ్నకొక కథ పుడుతుంది. మజిలీ కథలో గురువు చెబుతాడు, శిష్యుడు వింటాడు. ఇక్కడ చెప్పే స్థానం ఒకరి నుంచి ఒకరికి మారుతుంది. రెండవ కథలో పక్షి అయినది మూడవ కథలో తన నోటితో తాను మాట్లాడుతుంది. దుష్టపాత్ర అంటే ఇంకా తన కథ చెప్పుకొనే అవకాశం రానిది అని గ్రంథ నిర్మాణమే చెబుతోంది.

ఈ సంపుటంలోని గులాబీ కథ సుందరీ మృగాల కథే. ముసుగు వేసుకొన్న మృగం మగవాడని కోటకు వచ్చిన పిల్లా అనుకుంటుంది, పాఠకులూ అనుకుంటారు. చివర ముసుగు తొలగితే లోపల ఉన్నది స్త్రీ ముఖం. శాపం లేదు, మాయ లేదు. లోకం ఆశించినట్లు బతకడానికి ఒప్పుకోని స్త్రీకి లోకం పెట్టిన పేరు 'మృగం'. తరువాత ఊరివాళ్ళు ఆ కోట గురించి తలా ఒక రకంగా చెప్పుకుంటారు. ఒక సుందరి, ఒక మృగం ఉన్నారని కొందరు, ఇద్దరూ సుందరులేనని కొందరు, ఇద్దరూ మృగాలేనని మరికొందరు. ఈ ముగింపు దగ్గరకు మళ్ళీ వస్తాము.

ఈ కథను మేము ఎంతో ఇష్టంగా చదివాము, చదివించాము. అయినా ఒక లోటు చెప్పక తప్పదు. ముసుగు కింద మృగమే లేదని తేలినప్పుడు చీకటి కూడా అపోహగా తేలిపోతుంది. అపార్థానికి గురైన మంచి మనిషిని ప్రేమించడంలో కష్టమేముంది? రాక్షసి నిజంగా హాని చేయగలదైనప్పుడు, చేసినప్పుడు, ప్రేమ ఏమి చేయాలన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్నను ఈ కథ పక్కకు జరిపింది.

దాన్ని ఎదురుగా నిలుచుని అడిగిన నవల మెలిస్సా బషర్దూస్త్ రాసిన 'గర్ల్, సర్పెంట్, థార్న్' (2020). పారసీక పురాణాల, షానామా సంప్రదాయపు నేపథ్యంలో నడిచే ఈ కథలో సొరయా రాకుమారి. ఆమెను తాకినవారు చచ్చిపోతారు. అందువల్ల చేతితొడుగులతో, తోటలో, జనం కంట పడకుండా పెరిగింది. విషం పోగొట్టుకోవాలన్న ఆశతో ఆమె చేసిన పని ఆమె సోదరుడి రాజ్యానికే ముప్పు తెస్తుంది. ఆదుకొనే వీరుడిలా వచ్చిన యువకుడు అసలైన శత్రువవుతాడు. చెరలో ఉన్న పర్వానే అనే మాయాజాతి స్త్రీ, మొదట నమ్మదగనిదిగా కనబడినదే, చివరకు ప్రియురాలవుతుంది. పారసీకంలో పర్వానే అంటే రెక్కల పురుగు, సీతాకోకచిలుక.

ఇందులో గమనించవలసినవి రెండు. సొరయా విషం నిజమైన విషం. ఆమె చేసిన తప్పు నిజమైన తప్పు. ఆమెను ఎవరో అపార్థం చేసుకున్నారని చెప్పి రచయిత్రి తప్పించుకోలేదు. రెండవది, ముగింపులో సొరయా విషాన్ని వదిలించుకొని మామూలు పిల్లగా మారిపోదు. దాన్ని తన అదుపులోకి తెచ్చుకుంటుంది. బోమాఁ కథలో శాపం తీరడం బహుమానం. ఇక్కడ శాపానికి యజమాని కావడం బహుమానం.

విషకన్య మనకు కొత్త కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసంలో చంద్రగుప్తుణ్ణి చంపడానికి రాక్షసమంత్రి పంపిన విషకన్యను చాణక్యుడు పర్వతకుని మీదికి మళ్ళిస్తాడు. అలెగ్జాండరుకు విషకన్యను పంపారన్న కథ మధ్యయుగాల్లో ఐరోపాకు చేరింది. హాథార్న్ 1844లో రాసిన 'రాపచ్చీనీ కూతురు' కథలో కూడా దాని ప్రస్తావన ఉంది. ఇంత దూరం ప్రయాణించిన ఆ పాత్రకు మన నాటకంలో ఒక్క మాట లేదు. ఆమె ఒక మంత్రి చేతిలోంచి మరొక మంత్రి చేతిలోకి మారిన ఆయుధం మాత్రమే. ఆమెకు నోరిచ్చి, చేసిన పనికి ఆమెనే బాధ్యురాలిని చేయడం సొరయా కథ సాధించినది. నోరిచ్చి బాధ్యత ఇవ్వకపోతే అది జాలి. బాధ్యత మోపి నోరివ్వకపోతే అది శిక్ష.

ఈ తూకం తప్పే అవకాశం ఎంత ఎక్కువో హెదర్ వాల్టర్ రాసిన 'మాలిస్' (2021) చూపుతుంది. నిద్రపోయే రాకుమారి కథకు ఇది పునఃకథనం. చీకటి విద్యలు తెలిసినదని అందరూ ఈసడించే ఆలిస్, శాపగ్రస్తురాలైన రాకుమారి అరోరాను ప్రేమిస్తుంది. మొదటి భాగం చివర ఆలిస్ ఆగ్రహం రాజ్యం మీద విరుచుకుపడుతుంది. ఆమె పడిన అవమానాలను అన్ని పుటల పాటు చదివిన మనకు ఆ విధ్వంసం తీయగా ఉంటుంది. జాగ్రత్తపడవలసింది అక్కడే. గాయపడినవారు గాయపరిస్తే అది న్యాయమని, ప్రేమించినవారు చేస్తే అది త్యాగమని ఒప్పించడం ఈ తరహా రచనలకు చాలా తేలిక. ఈ రచయిత్రి రెండవ భాగంలో (2022) అరోరాను నూరేళ్ళ తర్వాత లేపి, ప్రియురాలు ఏమి చేసిందో ఆమె కళ్ళతో చూపించింది. రెండవ భాగం లేకుండా మొదటిది అసంపూర్ణమని మా అభిప్రాయం. ఈ పాయలో నాసిరకం రచనలు ఆ రెండవ భాగం ఎప్పుడూ రాయవు. రాక్షసి పళ్ళు, గోళ్ళు వాటిలో అలంకారాలు. హింస చేసినామెను చివరి పుటలో ఎవరూ ఏమీ అడగరు.

ఇదంతా పరాయి దేశాల సంగతి అనుకొనే విద్యార్థులకు రెండు భారతీయ కథలు గుర్తుచేయాలి. రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా (1926–2013) జానపద బాణీలో చెప్పిన 'దోహరీ జూణ్' కథలో ఇద్దరు సేఠులు పుట్టబోయే బిడ్డలకు ముందే పెళ్ళి మాట అనుకుంటారు. ఇద్దరికీ ఆడపిల్లలే పుడతారు. కట్నం మీది ఆశతో ఒకడు తన కూతుర్ని కొడుకుగా పెంచి పెళ్ళి చేస్తాడు. నిజం తెలిసిన తర్వాత బీజా, తీజా అనే ఆ ఇద్దరూ కలిసి బతకాలనే నిశ్చయించుకుంటారు. ఊరు నిలవనివ్వదు; ఆశ్రయమిచ్చింది భూతాల నాయకుడు. అతని మహిమతో బీజా మగవాడవుతుంది. మగవాడు కాగానే తీజా మీద పెత్తనం మొదలవుతుంది. చివరకు పశ్చాత్తాపపడి మళ్ళీ స్త్రీ రూపమే కోరుకుంటుంది. బోమాఁ కథతో పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ మృగం మగవాడు కావడం శాపవిమోచనం. ఇక్కడ స్త్రీ మగవాడు కావడమే శాపం. ఇన్నేళ్ళ కింద ఒక రాజస్థానీ గ్రామంలో కూర్చున్న రచయిత ఈ మలుపును ఎంత నిరాడంబరంగా చెప్పాడో గమనార్హం.

తెలుగులో ఇంత సూటి ప్రణయకథను చూపలేము గాని, దాని పొరుగున ఉన్న కథ ఉంది. ఓల్గా 'విముక్త' సంపుటానికి (2010) 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులోని 'సమాగమం' కథలో, అడవిలో అందమైన తోట పెంచుతున్న ఒక కురూపి గురించి సీతకు పిల్లలు చెబుతారు. ఆమె శూర్పణఖ. సీత వెళ్ళి కలుస్తుంది. ఇది ప్రణయం కాదు, స్నేహం; రెంటినీ కలిపివేయడం రచయిత్రికి అన్యాయం చేయడమే. అయినా మన ప్రశ్నకు జవాబు ఇక్కడా ఉంది. శూర్పణఖకు కోసిన ముక్కు తిరిగి రాదు; ఏ వరమూ ఆమెను సుందరిగా మార్చదు. రూపం మారకుండానే ఆమె జీవితం మారింది.

ఇక మా శాస్త్రానికి సంబంధించిన మాట. డొనహ్యూ గులాబీ కథను మాతృభాషల్లోకి తెచ్చే అభ్యాసం మా తరగతిలో చేయించాము. కన్నడంలో చేస్తున్న విద్యార్థికి ఒక ఇబ్బంది వచ్చింది. మృగం 'బంతు' అని రాస్తూపోతే ముసుగు తొలగిన తర్వాత 'బందళు' అని మార్చాలి. తమిళంలోనూ అంతే, 'వందదు' కాస్తా 'వందాళ్' కావాలి. మరాఠీలో 'ఆలా', 'ఆలీ', 'ఆలే' అని మూడు దారులున్నాయి. ఒడియాలో 'ఆసిలా' అంటే చాలు. లింగభేదం క్రియకు పట్టదు. తెలుగులో చేస్తున్న అమ్మాయికి క్రియ మార్చవలసిన అవసరమే రాలేదు. మృగం వచ్చింది, ఆమె వచ్చింది. ముసుగు తీసిన తర్వాత వెనక్కు వెళ్ళి చదివినా ఆ క్రియల్లో ఒక్కటీ అబద్ధం కాలేదు.

దీనికి కారణం మన వ్యాకరణంలో ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) స్త్రీలనూ జంతువులనూ జడాలనూ తీసివేయగా మిగిలినవాటిని మహత్తులంటుంది. ఏకవచనంలో స్త్రీ అమహత్తుతో కలుస్తుంది. బహువచనంలో మహత్తుతో కలుస్తుంది. అందువల్ల మహతీ వాచకమని వేరే పేరు పెట్టవలసి వచ్చింది. ఒడిశాలోని కుయి భాషలో బహువచనంలోనూ స్త్రీలు మనుష్యేతరాలతోనే చేరతారు. దీన్నిబట్టి తెలుగువారు స్త్రీని పశువుగా చూశారని తీర్మానించకూడదు. వ్యాకరణం సంస్కృతికి నేరాంగీకారపత్రం కాదు. ఫ్రెంచివారి శీర్షికే చూడండి, 'లా బెల్ ఎ లా బేత్'. అందులో మృగమన్న మాట వ్యాకరణరీత్యా స్త్రీలింగమే. అయినా వారి మృగం మగవాడు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో, ఆ భాష తెలిసిన ఇళ్ళవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

క్రియ కలిసివచ్చినా సర్వనామం కలిసిరాదు. తెలుగు అనువాదకురాలికి అసలు చిక్కు 'అది', 'ఆమె' మధ్యన. 'అది' అనేది పశువుకు చెల్లే మాట, ఈసడించిన ఆడమనిషికి వాడే మాట. అదే మాటను తల్లి కూతురికీ, అక్క చెల్లెలికీ ప్రేమగా వాడుతుంది. దగ్గరితనానికీ తక్కువతనానికీ మనకు ఒకే మాట ఉంది. మా విద్యార్థిని ముసుగు తీసిన తర్వాత కూడా మరికొంతసేపు 'అది' అనే ఉంచింది. అడిగితే, ఇప్పుడది వేరే 'అది' అండీ అన్నది. మేము మార్కులు తగ్గించలేదు.

చివరి వాక్యం దగ్గర ఆ అమ్మాయి కలం ఆగింది. ఊరివాళ్ళు చెప్పుకొనే మూడు కథనాల్లో ఇద్దరూ సుందరులైతే 'ఉన్నారు'. ఇద్దరూ మృగాలైతే 'ఉన్నాయి'. ఒక సుందరి, ఒక మృగం అయితే? ఇంగ్లీషు క్రియ ఏదీ తేల్చనక్కరలేదు. తెలుగు క్రియ తేల్చాలి. మాట్లాడగలిగితే చాలునా? పంచతంత్రంలో నక్కలు ఎంత నీతి చెప్పినా 'అన్నాయి' అనే అంటాము. దయ్యాలు 'వచ్చాయి'. కాని రాక్షసులు 'వచ్చారు'. తపస్సు చేసి, వరమడిగి, ధర్మాధర్మాలు వాదించి, చేసినదానికి ఫలితం అనుభవించేవారు కనుక కాబోలు, మన భాష రాక్షసులను మనుషుల బహువచనంలోనే ఉంచింది. ఇది వ్యుత్పత్తి కాదు, మా ఊహ మాత్రమే.

ఆ ఊహే మా తీర్పుకు కూడా ఆధారం. ఈ కథల్లో రాక్షసి మనతో సమానురాలు కావడానికి ఆమె రూపం మారనక్కరలేదు, ఆమె విషం పోనక్కరలేదు, ఆమె చేసిన హానిని ప్రేమ పేరుతో కడిగివేయనక్కరలేదు. చేసినదానికి తన నోటితో జవాబు చెప్పే చోటు ఆమెకు కథలో ఉండాలి. ఆ చోటు ఉన్న రచన సాహిత్యం, లేనిది కాలక్షేపం.

ఇది పాండిత్యానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షను కింద వయోజనుల పరస్పర సమ్మతి సంబంధాలను నేరం కాదన్నది. 2023 అక్టోబరులో వారి వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. చట్టం ఒక అడుగు వేసి ఆగింది. ఇంట్లో మాట్లాడే తెలుగులో ఈ విషయానికి తిట్టు కాని మాట వెదుక్కొనే అమ్మాయి మా తరగతిలోనే ఉండవచ్చు. ఆమె చేతికి దొరికే కథ ఆమెను మారమనకూడదు, చావమనకూడదు. తప్పు చేసినా తప్పు లేదనీ అనకూడదు.

ఆ అనువాదంలో చివరి వాక్యం ఏమి రాయాలని అమ్మాయి మమ్మల్ని అడిగింది. ఒక సుందరి, ఒక మృగం ఆ కోటలో ఉన్నారు అని రాయమన్నాము.